ఒటియెనో, కిబెట్, కమావు: కెన్యాలో పేరు వెనక భూమి

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, ఈ ఎండలో, కెన్యా గురించి వినడానికి ఇంతమంది వస్తారనుకోలేదు. ముందు వరసలో పిల్లలు కూడా ఉన్నారు. సింహాల గురించి చెబుతానని వచ్చి ఉంటారు. ఒక్క మాట చెబుతాను గానీ, ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

2025 అక్టోబరు 15న కేరళలో, ఎర్నాకులం జిల్లా కూత్తాట్టుకుళంలో, పొద్దున్నే నడకకు వెళ్లిన ఒక ఎనభై ఏళ్ల పెద్దాయన కుప్పకూలిపోయారు. ఆయుర్వేద వైద్యం కోసం వచ్చిన మనిషి. ఆసుపత్రికి తీసుకెళ్లినా లాభం లేకపోయింది. మన పేపర్లలో లోపలి పేజీల వార్త అది. కెన్యాలో మాత్రం దేశం స్తంభించిపోయింది. శవపేటిక నైరోబీ చేరిన రోజు జనం విమానాశ్రయంలోకి తోసుకొచ్చారు. స్టేడియంలో పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఆయన రైలా ఒడింగా. జనం 'బాబా' అని పిలిచేవారు. స్వాహిలీలో నాన్న అని అర్థం. అయిదుసార్లు అధ్యక్ష పదవికి నిలబడి అయిదుసార్లూ ఓడిపోయారు. వాళ్ల నాన్న ఒగింగా ఒడింగా స్వతంత్ర కెన్యాకు మొదటి ఉపాధ్యక్షుడు, ఆయనా అధ్యక్షుడు కాలేదు. ఒకే ఇంట్లో రెండు తరాలు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రావడం ఎందుకు జరిగింది? ఈ ప్రశ్న పట్టుకుని వెళితే కెన్యా చాలావరకు అర్థమవుతుంది.

నేను ఒక మందుల కంపెనీ పని మీద మూడేళ్లు నైరోబీలో ఉన్నాను. ఎన్నికల కాలం. టీ వేళ మా డ్రైవరు పేపరు పరిచి, అభ్యర్థుల జాబితా మీద వేలు పెట్టి, పేరును బట్టి తెగ చెబుతూ చదివేవాడు. "ఒటియెనో, రాత్రి పుట్టినవాడు, లువో. కిబెట్, పగలు పుట్టినవాడు, కాలెంజిన్. కమావు, కికుయు." లువోల్లో మగవాడైతే 'ఒ', ఆడపిల్లయితే 'అ': ఒటియెనో చెల్లెలు రాత్రి పుడితే అటియెనో. కాలెంజిన్లలో కిబెట్ మగ, చెబెట్ ఆడ. ఒలింపిక్స్ పరుగు పందాలు చూసేవాళ్లకు ఈ పేర్లు కొత్త కాదు. ఆ పేజీలో ఒక్క పేరు దగ్గర కూడా అతను ఆగలేదు. చివర నన్నడిగాడు: "మీ ఇంటిపేరు చెబితే మీ ఊళ్లో ఏం తెలుస్తుంది?" నాకు నవ్వాగలేదు. మనం కూడా కొత్త మనిషిని "మీ ఇంటిపేరేంటండీ" అని అడిగేది ఉత్తరం రాయడానికి కాదు గదా.

ఇక్కడే ఒక మాట. ఇవన్నీ అనాదిగా కొట్టుకు చస్తున్న తెగలని మన పేపర్లు రాస్తాయి. అసలు 'తెగ' అనగానే మనకు కళ్ల ముందు అడవి కదులుతుంది. 2019 జనాభా లెక్కల్లో కికుయులు 81 లక్షలు. డెన్మార్క్ మొత్తం జనాభా అరవై లక్షల దగ్గరే, డేనిష్ వాళ్లను తెగ అనం. వేరే మాట దొరక్క నేనూ తెగ అనే అంటాను గానీ, అది గుర్తుపెట్టుకోండి.

కాలెంజిన్ల సంగతి చూడండి. ఇవాళ వాళ్లు 63 లక్షల మంది, దేశాధ్యక్షుడు విలియం రూటో వాళ్లలోనివాడే. కానీ ఆ పేరు వయసు ఎనభై ఏళ్లు. అంతకుముందు నంది, కిప్సిగిస్, తుగెన్, కెయియో, మరక్వెట్, పోకోట్ అని ఎవరి పేరు వాళ్లదే. 1940ల్లో రేడియోలో వాళ్ల భాషలో మాట్లాడే ప్రయోక్త ఒకాయన మాటిమాటికీ 'కాలెంజిన్' అనేవాడు. "నేను మీకు చెబుతున్నాను" అని అర్థం. బడుల్లో, కాలేజీల్లో చదువుకునే కుర్రాళ్లు ఆ మాట పట్టుకున్నారు. చిన్న గుంపులుగా ఉంటే ఎవరూ లెక్కచేయరు, కలిస్తే బలం అనుకున్నారు. పడమటన లుహ్యా అనే పేరూ, కోస్తాలో 'తొమ్మిది ఊళ్లు' అనే అర్థంలో మిజికెండా అనే పేరూ ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడ్డవే. మనుషులు పాతవాళ్లే, భాషలు పాతవే. ఓట్ల కోసం, వాటా కోసం కట్టుకున్న జెండా కొత్తది.

జెండాలెందుకు కట్టాల్సి వచ్చిందంటే భూమి దగ్గరికి రావాలి. నా ప్రసంగమంతా నిజానికి దాని గురించే.

1896లో బ్రిటిష్‌వాళ్లు మొంబాసా రేవు నుంచి విక్టోరియా సరస్సుకు రైలు మార్గం మొదలుపెట్టారు. దానికి మన దేశం నుంచి, ఎక్కువగా పంజాబ్ నుంచి, 30 వేల పైచిలుకు కూలీలను తీసుకెళ్లారు. దాదాపు 2,500 మంది అక్కడే చనిపోయారు. సావో నది దగ్గర రెండు సింహాలు కూలీలను ఎత్తుకుపోయింది 1898లో. పిల్లలూ, సింహాల కథ అయిపోయింది. రోగాలు తిన్నవాళ్ల ముందు సింహాలు తిన్నవాళ్లు చాలా తక్కువ. 1899లో పట్టాలు ఒక చిత్తడి నేలకు చేరాయి. మసాయిలనే పశువుల కాపరుల మందలు నీళ్లు తాగే చోటు. 'చల్లటి నీళ్లు' అనే వాళ్ల మాట నుంచే నైరోబీ వచ్చింది. 1901లో రైలు సరస్సు ఒడ్డుకు, లువోల ప్రాంతానికి చేరింది.

రైలుకైన ఖర్చు రాబట్టాలి గదా. తెల్ల రైతుల్ని రప్పించి, చల్లటి ఎత్తు భూములు వాళ్లకు కట్టబెట్టారు. 1904లో, మళ్లీ 1911లో ఒప్పందాల పేరుతో మసాయిలను రిఫ్ట్ వ్యాలీ అనే పెద్ద లోయ నుంచి, తర్వాత లైకిపియా పీఠభూమి నుంచి దక్షిణానికి తోలేశారు. నందివాళ్లు పదేళ్లు ఎదురు తిరిగితే, 1905లో సంధి మాటలకని వచ్చిన వాళ్ల నాయకుడు కోయిటలెల్‌ను ఒక బ్రిటిష్ అధికారి కాల్చి చంపాడు. 1915 చట్టంతో తెల్లవాళ్లకు 999 ఏళ్ల లీజులొచ్చాయి. ఆ అంకె వేసినవాడి ధైర్యం చూడండి, వెయ్యికి ఒక్కటే తక్కువ! స్థానికులకు మిగిలింది తెగకొక రిజర్వు. ఏ తెగవాడు ఏ గీత లోపల ఉండాలో కాగితం చెప్పింది. గీత దాటి పనికి వెళ్లాలంటే మెడలో రేకు డబ్బా, అందులో వేలిముద్రల కాగితం. దాన్ని 'కిపాండే' అన్నారు. ఇప్పటికీ గుర్తింపు కార్డును కొందరు ఆ పేరుతో పిలుస్తారు.

రైలు కట్టిన మనవాళ్లలో ఆరేడు వేలమంది అక్కడే ఉండిపోయారు. ఎత్తు భూములు కొనే హక్కు వాళ్లకు లేదు, కాబట్టి కొట్లు పెట్టారు. స్వాహిలీలో కొట్టును 'దుకా' అంటారు, మన దుకాణమే. వాళ్లలో కొట్టు దాటి వెళ్లినవాళ్లున్నారు. మఖన్ సింగ్ అనే కార్మిక నాయకుడు 1950లోనే సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని బహిరంగంగా అడిగి పదకొండేళ్లకు పైగా నిర్బంధంలో ఉన్నాడు. గోవా మూలాలున్న పియో గామా పింటో భూమి పేదలకు చెందాలని పోట్లాడాడు. 1965 ఫిబ్రవరిలో ఇంటి ముందే, కారులో చిన్న కూతురు ఉండగా, అతన్ని కాల్చి చంపారు. 2017లో ఆసియా సంతతివాళ్లను దేశంలో 44వ తెగగా ప్రకటించారు. మీరు నవ్వుతున్నారు గానీ, అక్కడ తెగ కావడమంటే ఇంటివాడు కావడం.

కికుయులు భూమి పోగొట్టుకుని తెల్లవాళ్ల పొలాల్లోనే పాలేర్లయ్యారు. అక్కణ్ణుంచే మావ్ మావ్ తిరుగుబాటు పుట్టింది. 1952 అక్టోబరు 20న ఎమర్జెన్సీ పెట్టారు. చనిపోయిన తెల్ల సెట్లర్లు 32 మంది. ఉరికంబమెక్కిన ఆఫ్రికన్లు వెయ్యి దాటారు. వాళ్లలో తిరుగుబాటు నాయకుడు డెడాన్ కిమాతీ ఒకడు. శిబిరాల్లో హింసలు పడ్డ 5,228 మంది ముసలివాళ్లకు 2013లో బ్రిటన్ పరిహారం ఒప్పుకుంది.

మావ్ మావ్ వెనక ఉన్నాడన్న ఆరోపణ మీద జైల్లో ఉన్న స్వాతంత్ర్య నాయకుడు జోమో కెన్యాట్టా కికుయు. ఆయన పేరెత్తడమే నేరమన్నట్టున్న 1958లో, చట్టసభలో లేచి "మా నాయకుడు ఆయనే" అన్నది లువో అయిన ఒగింగా ఒడింగా. కెన్యాట్టా విడుదలయ్యేదాకా ప్రభుత్వం ఏర్పాటు చేయం అని వాళ్ల పార్టీ భీష్మించింది. 1963 డిసెంబరు 12న స్వాతంత్ర్యం వచ్చింది, కెన్యాట్టా పగ్గాలు పట్టాడు. మూడేళ్లలోపే ఇద్దరూ విడిపోయారు. 1969 జులైలో లువో మంత్రి టామ్ ఎంబోయాను నైరోబీ నడిబజారులో కాల్చి చంపారు. అక్టోబరులో కెన్యాట్టా సరస్సు ఒడ్డున కిసుముకు ఆసుపత్రి ప్రారంభానికి వెళితే గొడవ, కాల్పులు. చనిపోయింది 11 మంది అని ప్రభుత్వ లెక్క. ఆ ఊళ్లో ఆ లెక్కను నమ్మే మనిషి నాకు కనపడలేదు. ఒడింగా పార్టీని నిషేధించి ఆయన్ను నిర్బంధించారు.

ఇంతకీ తెల్లవాళ్లు వదిలిన భూమి ఏమైంది? బ్రిటన్ అప్పిచ్చింది, ప్రభుత్వం ఆ డబ్బుతో తెల్లవాళ్ల దగ్గర కొని జనానికి అమ్మింది. అంటే పోయిన భూమిని డబ్బులిచ్చి కొనుక్కోవాలి. అధికారం దగ్గరున్నవాళ్లకు ఎస్టేట్లు దక్కాయి. భూమిలేని కికుయులు సంఘాలు కట్టి, పైసా పైసా కూడబెట్టి, రిఫ్ట్ వ్యాలీలో కొనుక్కున్నారు. అది ఒకప్పుడు మసాయిలు, నందివాళ్లు పోగొట్టుకున్న నేల. కొన్నవాడి చేతిలో పట్టా ఉంది, పోగొట్టుకున్నవాడికి తాత చెప్పిన హద్దులు గుర్తున్నాయి. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. 'సెట్లర్' అనే మాటకు మన దగ్గర ఎంత బరువుందో మీకు తెలుసు. అక్కడ ఆ బరువు కత్తి దాకా వెళ్లింది.

1978లో కెన్యాట్టా పోయాక కాలెంజిన్ అయిన డానియెల్ అరప్ మోయ్ వచ్చాడు. ఇరవై నాలుగేళ్లు ఉన్నాడు. అప్పులిచ్చే దేశాల ఒత్తిడికి 1991 చివర్లో బహుళపార్టీ పద్ధతికి ఒప్పుకోవాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే నంది జిల్లాలోని మితెయితెయి ఫారంలో ఇళ్లు తగలబడటం మొదలైంది. బయటివాళ్లను 'మచ్చలు' అన్నారు, స్వాహిలీలో 'మడోఅడోవా'. మచ్చ కడిగేస్తే ఓటు కూడా పోతుంది, అదీ లెక్క. 2007 డిసెంబరు ఎన్నికల్లో రైలా మీద అప్పటి అధ్యక్షుడు, కికుయు అయిన కిబాకి గెలిచాడని ప్రకటించి అదే సాయంత్రం ప్రమాణం చేయించారు. తర్వాతి రెండు నెలల్లో 1,133 మంది చనిపోయారు, ఆరు లక్షలమంది కొంపలు వదిలారు. ఎల్డొరెట్ దగ్గర కియంబాలో చర్చిలో తలదాచుకున్న కికుయు ఆడవాళ్లను, పిల్లలను నిప్పంటించి చంపారు. కిసుములో, నైవాషాలో చచ్చిపోయింది లువోలు. పాత గీతల మీదే రక్తం పారింది.

తర్వాత జరిగింది సినిమాలో పెడితే ఎవరూ నమ్మరు. అటుపక్క హింసకు ఒకడు, ఇటుపక్క హింసకు ఒకడు కారణమని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు కేసులు పెట్టిన జోమో కొడుకు ఉహురు కెన్యాట్టా, విలియం రూటో 2013లో ఒకే జట్టుగా నిలబడి రైలాను ఓడించారు. కేసులు నిలబడలేదు. 2022లో అదే ఉహురు రైలాను బలపరిస్తే రూటో 50.49 శాతంతో గెలిచాడు. రైలా ఎందుకు అధ్యక్షుడు కాలేదని మొదట అడిగాను. 51 లక్షల లువోలకు పొత్తులు కావాలి. ప్రతి పొత్తు ఎన్నిక దాకానే బతికింది. ఇది నా లెక్క. ఎన్నిక దొంగిలించారని వాళ్లంటారు, 2017లో సుప్రీంకోర్టు ఫలితాన్ని ఒకసారి రద్దు కూడా చేసింది.

అక్కడ అధికారంలోకి రావడాన్ని 'తినడం' అంటారు. "ఇప్పుడు మా వంతు తినడం." లంచాన్ని 'చాయ్' అంటారు. ఈ రెంటికీ మీకు అనువాదం అక్కర్లేదు.

2024 జూన్‌లో మాత్రం కొత్త పన్నుల బిల్లు మీద వీధుల్లోకి వచ్చిన పాతికేళ్ల లోపు పిల్లలు "మాకు తెగ లేదు, నాయకుడు లేడు, పార్టీ లేదు" అన్నారు. పార్లమెంటులోకి దూసుకెళ్లారు. మర్నాడు అధ్యక్షుడు బిల్లు వెనక్కి తీసుకున్నాడు. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. మా డ్రైవరుకు ఫోన్ చేస్తే, చనిపోయినవాళ్ల పేర్లు చదువుతున్నానన్నాడు. ఈసారి ఎవరు ఏ తెగో చెప్పలేదు. నేనూ అడగలేదు.

నాకిచ్చిన టైము అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి. మైకు అందుకున్నవాళ్లు పేరు, ఊరు చెబితే చాలు. ఇంటిపేరు వద్దు.