పాత పికప్‌కు కొత్త పని

శ్రోతలకు నమస్కారం. బండిలోనే వంట సామాను, పరుపు పెట్టుకుని కొండ దారుల్లో రెండు మూడు రోజులు తిరగడానికి పాత పికప్ కొనాలనుకునేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. రంగు, టైర్లు, లైట్లు తరవాత చూసుకోవచ్చు. ముందు ఆ బండి ఇన్నేళ్లూ ఏం మోసిందో కనుక్కోండి. మదనపల్లె మార్కెట్‌కు టమాటా పెట్టెలు, సీజన్లో దామలచెరువు మండీకి మామిడికాయలు మోసిన బండ్లలో చాలావాటికి ఆర్సీలో రాసిన బరువుతో సంబంధం ఉండదు. బండి బరువు మోసే ఇనుప పట్టీల కట్టలు, అంటే కమాన్ కట్టలు, వంపు పోయి చదునైపోతాయి. కారిన రసం, కడిగిన నీళ్లు తొట్టి కిందికి దిగి బండి అడుగు చట్రం, అంటే ఛాసిస్, తుప్పు పడుతుంది.

బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, వెనక చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలవండి. రెండు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే ఒకవైపు కట్ట కుంగినట్టో, పట్టీ విరిగినట్టో అనుకోవాలి. తరవాత చిన్న సుత్తితో ఛాసిస్‌ను తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా మోగుతుంది. క్యాబిన్ వెనక, కమాన్ కట్టల బ్రాకెట్ల దగ్గర వెల్డింగ్ అతుకులు కనబడితే ఆ బండి ఎంత చవకైనా వదిలేయండి.

ఇక బరువు లెక్క. ఖాళీ బండి బరువు, లోడుతో ఉండదగ్గ మొత్తం బరువు రెండూ ఆర్సీలో ఉంటాయి. వాటి మధ్య తేడాలోనే మన సంసారమంతా సర్దుకోవాలి. ఇద్దరు మనుషులు 140 కిలోలు, నీళ్లు 40, తొట్టికి మూతలా వేసే ఇనుప క్యానొపీ 150, సొరుగులకు 12 ఎంఎం ప్లైవుడ్ షీట్లు రెండు 50, బ్యాటరీ 30, సామాన్లతో ఫ్రిజ్ 30, స్టవ్వు, పరుపు, పనిముట్లు కలిపి 60. అప్పుడే అర టన్ను. సింగిల్ క్యాబిన్ పికప్‌కు ఇదేమంత బరువు కాదు. 2016 నుంచి మన శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు వీ-క్రాస్ లాంటి డబుల్ క్యాబిన్ బండ్లకు ఇది హద్దు దాకా వచ్చే లోడు కావచ్చు, ఆర్సీ చూసుకోండి. వాటికి ఇనుము మానేసి అల్యూమినియం ఫ్రేము మీద టార్పాలిన్ వేసుకోవడమే మేలు. అంతా సర్ది, డీజిల్ నింపి, మనుషులు కూర్చున్నాక ఒకసారి లారీ కాటా ఎక్కించండి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూయించుకోండి. నీళ్ల డ్రమ్ము, బ్యాటరీ వంటి బరువులు క్యాబిన్‌కు ఆనుకుని, కింద ఉండాలి. టాపు మీద పరుపు, దోమతెర లాంటి తేలిక సామాను చాలు. పైన బరువు పెరిగితే పక్కవాలు దారిలో బండి తూలుతుంది.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. బండి ఎత్తు పెరగాలని కట్టలో అదనంగా ఒక పట్టీ వేయిస్తారు, లేకపోతే కట్ట చివరను ఛాసిస్‌కు తగిలించే షాకల్ పొడుగుది పెట్టిస్తారు. టన్ను మోయడానికి చేసిన కట్టలు అర టన్నుకే బిర్రుగా ఉంటాయి, ఇంకో పట్టీ పడితే బండి రాళ్ల మీద ఎగిరెగిరి పడుతుంది. అంతకన్నా ప్రమాదం ఇంకొకటుంది. కొన్ని పికప్‌లలో వెనక బ్రేకు ఎంత పట్టాలో చెప్పే వాల్వు యాక్సిల్‌కు కడ్డీతో కలిపి ఉంటుంది. లోడుకు బండి కుంగితే అది వెనక చక్రాలకు బ్రేకు పెంచుతుంది. బండిని కృత్రిమంగా ఎత్తితే ఆ వాల్వు తొట్టి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. ఆ సంగతి భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు తెలియడం మంచిది కాదు. కుంగిన పట్టీలు మార్పించి, కొత్త బుష్‌లు, కొత్త షాకబ్జార్బర్లు వేయిస్తే కంపెనీ ఇచ్చిన ఎత్తు తిరిగి వస్తుంది, తేలికపాటి మట్టి దారికి అది చాలు. కట్ట విప్పి బిగించాక 500 కిలోమీటర్లు తిరిగి కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే యు బోల్టులు మళ్లీ బిగించాలి. మరిచిపోతే పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పక్కకు జరుగుతుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకోవాలి. తేమ చేరాక 155 దగ్గరే మరగొచ్చు, మరిగితే బ్రేకు పట్టదు. రెండేళ్లకోసారి మార్చండి, ఘాట్‌లో చిన్న గేర్లో దిగండి.

టైర్లు కంపెనీ సైజులోనే, తారుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం తీసుకోండి. పెద్దవి వేస్తే స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, స్టీరింగ్ తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకుంటాయి, చిన్న ఇంజన్ కొండెక్కలేక ఉసూరుమంటుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది. అరుగుదల కనబడకపోయినా ఆరేళ్లు దాటిన టైరు వద్దు. ఏటి ఇసుకలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. మన కొండ దారుల్లో నల్లరాయి పలుకులు ఎక్కువ, గాలి మరీ తగ్గిస్తే టైరు పక్క కోసుకుపోతుంది. మామూలు గాలిలో పావు వంతు తగ్గిస్తే సరి. తారు రోడ్డెక్కే ముందు నింపుకోవడానికి 12 వోల్టుల కంప్రెసర్ దగ్గరుండాలి.

కరెంటు సంగతి. నలభై లీటర్ల 12 వోల్ట్ ఫ్రిజ్ మన ఎండల్లో రోజుకు 40 ఆంపియర్ అవర్ల దాకా తాగుతుంది. వంద ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి కాబట్టి ఇంజన్ స్టార్ట్ చేయకపోతే అది ఒక్కరోజు ముచ్చట. లిథియం బ్యాటరీ పెడితే దాన్ని ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు నేరుగా కలపొద్దు. అది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి పాత ఆల్టర్నేటర్‌ను కాల్చేస్తుంది. మధ్యలో కరెంటును అదుపులో పంపే 20 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి. బ్యానెట్ నుంచి తొట్టి దాకా ఐదు మీటర్ల దూరానికి 6 స్క్వేర్ ఎంఎం తీగ వేస్తే రాకపోకలు కలిపి అర వోల్టుకు పైగా పోతుంది, 16 వేస్తే పావు వోల్టు లోపే. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. రేకుకు రంధ్రం చేసిన చోట తీగ ఒరుసుకోకుండా రబ్బరు చుట్టు, అంటే గ్రోమెట్, పెట్టకపోతే కుదుపులకు తీగ తొడుగు తెగి మంటలు లేస్తాయి.

సొరుగులు పూర్తిగా బయటికి లాగేలా చేయించండి, రహస్యపు అరలు వద్దు. ఎర్రచందనం దొంగ రవాణాకు తొట్టి కింద దొంగ అరలు పెట్టిన బండ్లు ఎన్నో పట్టుబడ్డాయి. శేషాచలం చుట్టూ చెక్‌పోస్టుల్లో మూత ఉన్న పికప్‌ను ఆపక మానరు. క్యానొపీ బోల్టులు విప్పితే ఊడొచ్చేదిగా ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. తొట్టిలో మనుషులను ఎక్కించుకుని తిరగడం ఎలాగూ కుదరదు. నిలిపిన బండిలో పడుకోవచ్చు, క్యానొపీ లోపల స్టవ్ మాత్రం వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలోది. అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి మకాం కుదరదు, నిప్పు అసలే వద్దు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున ఏనుగులు తిరుగుతాయి. అరటిపళ్లు, బెల్లం పెట్టుకుని అక్కడ బండిలో నిద్రపోవడం తెలివైన పని కాదు. అటువైపు వెళితే ఊళ్లోనే పడుకోండి. తెలిసినవాళ్ల మామిడి తోపు దొరికితే అంతకన్నా మంచి మకాం లేదు.

వాగు దాటేటప్పుడు వేడిగా ఉన్న వెనక యాక్సిల్ హౌసింగ్, అంటే గేర్లుండే ఇనుప తొడుగు, చల్లబడి, గాలి ఆడే బ్రీదర్ రంధ్రం గుండా నీళ్లు లోపలికి లాక్కుంటుంది. ఆ బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి తొట్టి అంచు దాకా పైకి తీసుకెళ్లండి. ఇంటికొచ్చాక హౌసింగ్ నుంచి కొంచెం ఆయిల్ తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు దిగినట్టే. ఆ ఆయిల్ మార్చేదాకా బండి తీయకండి.