చుక్కలన్నీ ఒక జాతివి కావు

సభలోని అందరికీ నమస్కారం. గ్రాఫులు గీసే కోడ్‌లో, అప్పటికే గీసి ఉన్న వస్తువు ఏ రకానిదో గుర్తించడం గురించి ఈ పూట మాట్లాడతాను. ఉదాహరణలన్నీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ నుంచే తీసుకుంటున్నాను. నాడీశాస్త్ర పరిశోధకుడు జాన్ హంటర్ 2003లో వెలువరించిన ఈ పైథాన్ లైబ్రరీలో గీత, అక్షరం, అంచు, నేపథ్యం అన్నీ 'ఆర్టిస్ట్' అనే ఒకే మూల క్లాస్ (అంటే వస్తువు రకం) సంతానం.

చిక్కంతా కంటికి కనిపించే రూపాన్ని బట్టి రకాన్ని ఊహించడంలోనే ఉంది. కాగితం మీద పది చుక్కలు ఉన్నాయనుకుందాం. వాటిని ప్లాట్ ఫంక్షన్‌కు గుండ్రటి మార్కర్ ఇచ్చి గీస్తే, మధ్యలో గీత కనబడకపోయినా, పది చుక్కలూ కలిసి ఒకే 'లైన్2డి', అంటే గీత రకం ఆబ్జెక్ట్. అవే చుక్కలను స్కాటర్ ఫంక్షన్‌తో గీస్తే వచ్చేది 'పాత్‌కలెక్షన్', అంటే ఆకారాల గుంపు. మొదటిదానిలో చుక్కలన్నిటికీ ఒకటే రంగు, ఒకటే పరిమాణం. రెండోదానిలో ఏ చుక్క రంగు, పరిమాణం దానివే. బిందువుల విలువలను మొదటిదాని నుంచి గెట్_ఎక్స్‌డేటా, గెట్_వైడేటాలతోనూ, రెండోదాని నుంచి గెట్_ఆఫ్‌సెట్స్‌తోనూ తీసుకోవాలి కనుక, రకం తెలియకుండా చెయ్యి పెడితే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది.

ఆగిపోతే నయమే, తప్పు వెంటనే తెలుస్తుంది. నాకు ఎదురైనది అలాంటిది కాదు. అయిదు కడ్డీల చిత్రంలో అన్నిటికన్నా ఎత్తైన కడ్డీకి ఎరుపు వేయాలని, యాక్సెస్ (గ్రాఫు గీసే చట్రం) పిల్లలందరినీ, అంటే అందులోని వస్తువులన్నిటినీ, గెట్_చిల్డ్రన్‌తో రప్పించి, వాటిలో 'రెక్టాంగిల్' అయినవాటిని ఏరి, ఎత్తు ఎక్కువున్నదానికి రంగు పూశాను. నెలల తరబడి బాగానే నడిచింది. ఒకనాడు విలువలన్నీ ఒకటికన్నా తక్కువైన నిష్పత్తులు ఇచ్చేసరికి కడ్డీల వెనక నేపథ్యం మొత్తం ఎర్రబడింది. యాక్సెస్ నేపథ్యం కూడా రెక్టాంగిలే, దాని ఎత్తు తన సొంత కొలమానంలో సరిగ్గా ఒకటి! అంతకుముందు కడ్డీలు దానికన్నా ఎత్తుగా ఉండటం వల్ల ఆ దోషం బయటపడలేదు, అంతే.

నిజానికి ఏమీ గీయని ఖాళీ యాక్సెస్‌కే పదిమంది పిల్లలు ఉంటారు: నాలుగు అంచులు, రెండు అక్షాలు, శీర్షికల కోసం మూడు ఖాళీ టెక్స్ట్‌లు, ఒక నేపథ్యం. ఆ అంచులు, అంటే స్పైన్‌లు, రెక్టాంగిల్ లాంటి ఆకారాలకు మూలమైన 'ప్యాచ్' వంశానివేనని చాలామందికి తెలియదు. అక్షం మీది చిన్న గాట్లు కూడా లైన్2డిలే కాబట్టి, చిత్రమంతా గాలించే ఫైండ్ఆబ్జ్‌తో గీతలను వెతికితే మన డేటాతో పాటు అవీ వలలో పడతాయి. యాక్సెస్‌కున్న లైన్స్, ప్యాచెస్, కలెక్షన్స్ జాబితాలలో మాత్రం మనం చేర్చినవే ఉంటాయి. నా కోడ్‌లో ప్యాచెస్ జాబితా అడిగి ఉంటే అయిదు కడ్డీలే వచ్చేవి.

ఇక రకాన్ని పరీక్షించేటప్పుడు టైప్‌ను సమాన చిహ్నంతో పోల్చడం కన్నా 'ఇది ఫలానా క్లాస్‌దేనా' అని అడిగే ఇజ్‌ఇన్‌స్టెన్స్ ఫంక్షన్ వాడటం మేలు, ఎందుకంటే అది ఉపక్లాస్‌లను, అంటే ఆ క్లాస్ నుంచి పుట్టినవాటిని కూడా ఒప్పుకుంటుంది. రెండు గీతల మధ్య రంగు నింపే ఫిల్_బిట్వీన్ ఎప్పటినుంచో 'పాలీకలెక్షన్'నే ఇచ్చేది, 3.10 వెర్షన్ నుంచి దాని ఉపక్లాస్ ఒకటి ఇస్తోంది. సమాన చిహ్నం వాడిన కోడ్ ఆ మార్పుతో దెబ్బతింటుంది, ఇజ్‌ఇన్‌స్టెన్స్ వాడినది కదలదు. అయితే ఇజ్‌ఇన్‌స్టెన్స్ కూడా అన్ని వేళలా కాపాడదు. ఏఎక్స్‌వీస్పాన్‌తో వేసే నిలువు పట్టీ ఒకప్పుడు 'పాలిగాన్', 3.9 నుంచి రెక్టాంగిల్. కడ్డీలను రెక్టాంగిల్ అనే గుర్తుతో లెక్కపెట్టే కోడ్‌కు ఇప్పుడు ఆ పట్టీ కూడా ఒక కడ్డీయే.

అందుకే, గీసేది మనమే అయినప్పుడు, కడ్డీలు గీసే బార్ ఫంక్షన్ తిరిగి ఇచ్చే 'బార్‌కంటైనర్'ను, అంటే ఆ కడ్డీల మూటను, ఒక పేరు పెట్టి దాచుకోవడమే నాకు నచ్చిన పద్ధతి. చిత్రం మరొకరి కోడ్ నుంచి వస్తే, గీసే చోటే సెట్_జిఐడితో ఒక గుర్తు తగిలించమని వారిని అడుగుతాను. దానికి పట్టేది ఒక్క వరుస కోడ్.