తుడవడం ఒక్కటే, ఇంగ్లీషులో మాటలు అయిదు

నమస్కారమండీ. శ్రీకాకుళంలో మా వంటగదిలోంచే మాట్లాడుతున్నాను. నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే ఒక అమ్మాయికి ఈమధ్య ఉద్యోగానికి ఫోన్ ఇంటర్వ్యూ అయింది. ఇంట్లో ఏమేం పనులు చేస్తావని అడిగారట. చిన్నప్పట్నుంచీ ఇల్లంతా చక్కబెట్టే పిల్ల, "ఐ క్లీన్, ఐ క్లీన్" అని ఆగిపోయింది. పని రాక కాదు, మాట అందక. నాకు చాలా బాధేసింది.

మనం చీపురుతో ఇల్లు తుడుస్తాం, తడిగుడ్డతో నేల తుడుస్తాం, బల్ల తుడుస్తాం, కడిగిన పళ్ళెం తుడుస్తాం. అన్నీ తుడవడమే. ఇంగ్లీషులో చీపురు పడితే స్వీప్. నేలకి తడిగుడ్డ పెడితే మాప్. బల్లయితే వైప్. తడి పళ్ళేన్ని పొడిగుడ్డతో తుడిస్తే డ్రై. అలమరలో దుమ్ము తుడిస్తే డస్ట్. "ఐ డస్టెడ్ ద షెల్వ్స్" అంటే దుమ్ము పోశానని కాదండీ, తీశానని.

కడగడం దగ్గరకొస్తే లెక్క తిరగబడుతుంది. మనం గిన్నెలు తోముతాం, బట్టలు ఉతుకుతాం, కాళ్ళు కడుగుతాం. వాళ్ళకి మూడూ వాషే. ఇదిగో, ఈ గిన్నె చూడండి. పొద్దున్న చోడి అంబలి కాచాను, అడుగంటేసింది. నీళ్ళు పోసి నానబెట్టాను: "ఐ సోక్డ్ ద పాట్." ఇప్పుడు పీచుతో గట్టిగా రుద్దుతున్నాను: "ఐయామ్ స్క్రబింగ్ ఇట్." సబ్బు పోయేదాకా నీళ్ళు పోసి కడిగితే రిన్స్. మొత్తం గిన్నెల పనికి "ఐయామ్ డూయింగ్ ద డిషెస్" అనండి. మనమనే వెసెల్స్ ఇక్కడ అందరికీ తెలుస్తుంది గానీ, ఇంగ్లండ్, అమెరికా వాళ్ళకి వెసెల్ అంటే ఎక్కువగా ఓడ. "వాష్ అప్" కూడా జాగ్రత్త: ఇంగ్లండ్‌లో గిన్నెలు కడగడం, అమెరికాలో చేతులూ మొహం కడుక్కోవడం.

పక్క సర్దడం "మేక్ ద బెడ్". అది అలాగే గుర్తుపెట్టేసుకోండి.

"ఐ హావ్ మెనీ వర్క్స్" మాత్రం వద్దమ్మా. ఇంటిపనికి "ఐ హావ్ ఎ లాట్ ఆఫ్ హౌస్‌వర్క్" అనాలి, చివర ఎస్ చేరదు. పనులు లెక్కపెట్టి చెప్పాలంటే చోర్ అనే మాటుంది: "ఐ హావ్ త్రీ చోర్జ్ లెఫ్ట్."

అయ్యో, మబ్బేసింది, డాబా మీద బట్టలున్నాయి! "ఐ హావ్ టు బ్రింగ్ ఇన్ ద క్లోద్‌జ్." క్లోత్స్ కాదు, క్లోద్‌జ్. తీసుకొచ్చి మడతపెడుతూ ఫోల్డ్ దగ్గర్నుంచి మొదలుపెడదాం.