మీ సూక్ష్మజీవి ఏం తింటుంది?

అందరికీ నమస్కారం.

కల్పిత గ్రహాలు అల్లేవాళ్లు తమ సూక్ష్మజీవుల్ని నాకు చూపిస్తుంటారు. వర్ణన దాదాపు ఒకటే. లావాలో ఈదుతుంది, ఆమ్లం తాగుతుంది, రేడియేషన్‌కు చావదు, తెల్లారేసరికి ఊరంతా కమ్మేస్తుంది. సరే, అది ఏం తింటుంది అని అడుగుతాను. అక్కడే నీళ్లు నములుతారు.

లావా సంగతి త్వరగా తేల్చేద్దాం. సముద్రగర్భపు వేడినీటి బుగ్గల్లో ఉండే మెథనోపైరస్ కాండ్లెరై అనే సూక్ష్మజీవి 122 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెరిగింది. అదీ నీరు మరిగిపోకుండా పీడనం పెంచితేనే. నీటితో, కార్బన్‌తో నడిచే జీవానికి లావా చాలా దూరం.

ఆమ్లం కథ ఇంకా బాగుంటుంది. పిక్రోఫిలస్ అనే సూక్ష్మజీవికి పీహెచ్ 0.7 అంటే హాయి. పీహెచ్ ఆమ్లాన్ని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటెక్కుతుంది. పీహెచ్ 4 దాటితే దాని కణమే చెదిరిపోతుంది. ఆమ్లాన్ని అది ఓర్చుకోవడం లేదు, అదే దాని ఇల్లు. మన తాగునీరే దానికి విషం. మీ జీవికి బలం రాసిన ప్రతిచోటా పక్కనే ఇలాంటి మూల్యం కూడా రాయండి. 1956లో దొరికిన డైనోకాకస్ రేడియోడ్యూరాన్స్ అనే బ్యాక్టీరియా కూడా అంతే. రేడియేషన్‌ను అడ్డుకునే కవచమేదీ దానికి లేదు. డీఎన్ఏ వందల ముక్కలైతే, కొన్ని గంటలు కూర్చుని కుట్టుకుంటుంది!

ఇక తిండి. దక్షిణాఫ్రికాలోని ఎంపోనెంగ్ బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున ఒక బ్యాక్టీరియా దొరికింది. రాతిలోని యురేనియం రేడియేషన్‌కు నీరు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది. దానికి సల్ఫేటు తోడైతే, అదే దాని భోజనం. ఎండతో పనే లేదు.

దీన్ని పట్టుకుని మనమొకటి అల్లుదాం. పేరు మందగామి. మంచు చంద్రుడి రాతిపొరల్లో బొట్టుబొట్టుగా ఊరే హైడ్రోజనే దాని ఆధారం. అంత పేదరికంలో నూరేళ్లకోసారి రెండుగా చీలుతుందనుకుందాం. అది తెల్లారేసరికి ఊరిని మింగలేదు కదా! మరి కథలో టెన్షన్ ఎక్కడిది? మనుషులు వచ్చి బోరు వేస్తారు. లక్షల ఏళ్లుగా రాతిలో నిలిచిన హైడ్రోజన్ ఆ రంధ్రంలోంచి తన్నుకుపోతుంది. మందగామి ఒక్కసారి చీలేలోపే దాని వంటిల్లు ఖాళీ. ఆ నేరం తెలియడానికి వాళ్ల మునిమనవలు పుట్టాలి.

ఇప్పుడు మీ కాగితాలు ఇటివ్వండి. తిండి గడి ఖాళీగా వదిలినవి ముందు.