సంచిలో రెండు రకాల రాళ్లు

శ్రోతలందరికీ నమస్కారం.

నాణేలు ఇంకా పుట్టని కాలాన్ని ఒకసారి ఊహించుకోండి. ఏది కొన్నా వెండిని తూచి ఇవ్వాల్సిందే. అబ్రాహాము తన భార్య శారాను సమాధి చేయడానికి పొలం కొన్నప్పుడు 400 తులాల వెండి తూచి ఇచ్చాడని బైబిల్లో ఉంది. తూకానికి త్రాసు ఉండాలి, త్రాసులో వేయడానికి రాళ్లుండాలి. వ్యాపారి ఆ రాళ్లను ఒక సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్లేవాడు. యూదా ప్రాంతంలో జరిగిన తవ్వకాల్లో అలాంటి సున్నపురాతి తూనికరాళ్లు చాలానే బయటపడ్డాయి. అడుగున చదునుగా, పైన గుండ్రంగా, తలమీద ఒక గుర్తు చెక్కి ఉంటాయి. తులం రాయి 11 గ్రాముల పైచిలుకు, అంతే. దాన్ని కాస్త అరగదీస్తే కంటికి ఏమీ తెలియదు.

మోసం చేసేవాడి సంచిలో రెండు రకాల రాళ్లుండేవి. సరుకు కొనేటప్పుడు బరువు రాయి తీసేవాడు, అమ్మేటప్పుడు తేలిక రాయి. బైబిల్లోని సామెతల గ్రంథం ఈ సంగతిని ఒక్కసారి చెప్పి ఊరుకోలేదు. 11వ అధ్యాయంలో ఉంది, 16లో ఉంది, 20వ అధ్యాయంలో రెండుసార్లు ఉంది. వేరువేరు తూనికరాళ్లు, వేరువేరు కొలతలు దేవునికి అసహ్యం అంటుంది. అసహ్యం అన్నది చాలా గట్టి మాట. పదకొండు గ్రాముల రాయి విషయంలో అంత గట్టి మాట ఎందుకు వాడారా అని నేను చాలాకాలం అనుకునేవాణ్ణి.

ఆ గ్రంథం గురించి కొంచెం చెప్పాలి. మొత్తం 31 అధ్యాయాలు. అందుకే చాలామంది రోజుకో అధ్యాయం చొప్పున నెలలో పూర్తి చేస్తారు. సొలొమోను సామెతలని మొదలవుతుంది కానీ అంతా ఒక్క చేతి రాత కాదు. 25వ అధ్యాయం నుంచి ఉన్నవాటిని హిజ్కియా రాజు సేవకులు ఎత్తి రాశారని అందులోనే ఉంది. ఆగూరు అనే ఆయన మాటలున్నాయి. చివరి అధ్యాయం మొదట్లో ఉన్నవి లెమూయేలు అనే రాజుకు అతని తల్లి నేర్పిన మాటలు. నాకు అది చాలా ఇష్టం. రాజైన కొడుకును కూర్చోబెట్టి, నోరులేనివాళ్ల తరఫున నువ్వు నోరు తెరువు అని చెప్పిన తల్లి ఆవిడ.

ఇక నా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఒకరోజు సాయంత్రం వంటింట్లో గాజు గ్లాసు పగిలిన శబ్దం వినిపించింది. నేను వెళ్లేసరికి వాడు చేతులు వెనక్కి పెట్టుకుని, గాజు పెంకుల మధ్య చెప్పులు లేకుండా నిలబడి ఉన్నాడు. నేను అడిగిన మొదటి మాట, "కళ్లెక్కడ పెట్టుకున్నావురా?" ఆ తర్వాత ఇంకో పది నిమిషాలు అదే పాట. అజాగ్రత్త అన్నాను, ఎన్నిసార్లు చెప్పినా బుద్ధి రాదన్నాను. నాలుగు రోజులు తిరక్కుండానే అదే వంటింట్లో నా చేతిలోంచి ఇంకో గ్లాసు జారి పడింది. "అరె, చెయ్యి జారింది" అన్నాను. అంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. వాడు చేట, చీపురు తెచ్చిచ్చి, చాలా మామూలుగా అన్నాడు, "మొన్న నాక్కూడా చెయ్యే జారింది నాన్నా."

వాడు నన్ను దెప్పాలని అనలేదు, ఉన్న విషయం చెప్పాడు. కానీ ఆ క్షణంలో నా సంచిలోని రెండు రాళ్లూ నాకు కనిపించాయి.

గురివింద తన కింద నలుపెరగదని మనం అంటాం. మంచి సామెతే. కానీ అందులో మనకు ఒక సాకు కూడా దొరుకుతుంది. గురివిందకు పాపం తెలియదు, అది తన కిందికి చూసుకోలేదు. ఆ తూనికరాళ్ల సామెతలో అలాంటి సాకు లేదు. సంచిలో చెయ్యి పెట్టేవాడికి ఏ రాయి ఏదో తెలుసు. నేను ఆలస్యంగా వస్తే ట్రాఫిక్, ఎదుటివాడు ఆలస్యంగా వస్తే లెక్కలేనితనం. నేను ఫోన్ ఎత్తకపోతే పనిలో ఉన్నట్టు, ఆయన ఎత్తకపోతే పొగరు. ఈ రాళ్లను మార్చేటప్పుడు లోపల ఎక్కడో మనకు తెలుస్తూనే ఉంటుంది. తెలియనట్టు నటించడం అలవాటైపోయింది, అంతే. అసహ్యం అనే మాట ఎందుకు వాడారో నాకు అర్థమైంది అప్పుడే.

మరి ఒక్క రాయితో బతకడం ఎలా? దీనికి 18వ అధ్యాయంలో రెండు సామెతలు నాకు బాగా పనికొచ్చాయి. విషయం వినకముందే జవాబిచ్చేవాడు సిగ్గుపడతాడు అంటుంది ఒకటి. మొదట మాట్లాడినవాడిదే న్యాయంలా కనిపిస్తుంది, అవతలివాడు వచ్చి ప్రశ్నించేదాకా అంటుంది ఇంకొకటి. ఆఫీసులో ఇద్దరికి పడనప్పుడు ముందు వచ్చి మన దగ్గర వాపోయిన మనిషి వైపే మనం మొగ్గుతాం. ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య మాట వచ్చినా అంతే. వాట్సాప్‌లో ఎవరి గురించో ఒక మెసేజ్ వస్తే, ఆ మనిషి ఏమంటాడో వినకుండానే ఇంకో పదిమందికి పంపేస్తాం. "అసలేం జరిగింది?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది. గొడవ మొదలవడం గట్టుకు గండి పడటం లాంటిదని, ముదరకముందే వదిలెయ్యమని 17వ అధ్యాయం చెబుతుంది. గండి చిన్నగా ఉన్నప్పుడు గుప్పెడు మట్టి చాలు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. సామెతలను ఎదుటివాళ్ల మీదికి విసిరే రాళ్లలా వాడకూడదు. పిల్లలను బెత్తంతో దండించమన్న వాక్యం పెద్దవాళ్లలో చాలామందికి నోటికొచ్చు. వినకముందే జవాబివ్వడం మూర్ఖత్వం అన్న వాక్యం అంతమందికి గుర్తుండదు. అది కూడా రెండు తూనికరాళ్ల లెక్కే కదా. మూర్ఖుల నోట సామెత తాగుబోతు చేతిలో ముల్లు లాంటిదని ఆ గ్రంథమే 26వ అధ్యాయంలో హెచ్చరించింది. అదే అధ్యాయంలో మూర్ఖుడికి వాడి తీరులో జవాబివ్వొద్దని ఒక సామెత, ఆ వెంటనే జవాబివ్వమని ఇంకో సామెత పక్కపక్కనే ఉన్నాయి. ఇదేంటి, ఒకదానికొకటి పొసగడం లేదే అనిపిస్తుంది. కానీ జీవితంలో రెండూ అవసరమయ్యే రోజులుంటాయి. ఏ రోజు ఏది అన్నది మనమే ఆలోచించుకోవాలి, ఎదురుగా ఉన్న మనిషిని చూసి తేల్చుకోవాలి.

మళ్లీ మా అబ్బాయి దగ్గరికి వస్తాను. నా చేతిలో గ్లాసు పగిలిన ఆ రాత్రి వాడికి సారీ చెప్పాలనిపించింది. వాడు అప్పటికే పడుకున్నాడు. తెల్లారాక చెబుదాంలే అనుకున్నాను. అప్పుడు 3వ అధ్యాయంలోని మాట ఒకటి గుర్తొచ్చింది. ఇవ్వాల్సింది నీ దగ్గర ఉండగానే, పోయి రేపు రా అని పొరుగువాడితో అనకు అని. డబ్బు గురించే అనుకునేవాణ్ణి ఆ మాట. తండ్రి కొడుక్కి బాకీపడిన సారీకి కూడా అది వర్తిస్తుందని అప్పటిదాకా తట్టలేదు.

వెళ్లి మంచం అంచున కూర్చున్నాను. వాడు సగం నిద్రలో ఉన్నాడు. మొన్న నేను అలా అరిచి ఉండాల్సింది కాదురా, తప్పు నాది అన్నాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కళ్లు తెరవకుండానే అడిగాడు, "మళ్లీ పగిలితే?"

"ముందు నీ కాలికి గుచ్చుకుందేమో చూస్తాను" అన్నాను.

నమస్కారం.