చివరి వారం కుట్టొద్దు నాయనా

అందరికీ నమస్కారం. పాండీ బజారు రద్దీని దాటుకొని, ఇంత ఉక్కపోతలో ఒక పుస్తకాల మాట వినడానికి వచ్చిన మీ అందరికీ ముందుగా కృతజ్ఞతలు. రోజువారీ ఇష్టాయిష్టాల గురించి, నవలలు చదవడంలో ఉన్న ఆనందం గురించి మాట్లాడమన్నారు. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని కాదు. బీమా ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అయినా అడగ్గానే ఒప్పుకున్నాను. ఎందుకంటే నేను నవలలు కుట్టే ఇంట్లో పుట్టాను.

మా నాన్నది బైండింగు షాపు. కావలి నుంచి మద్రాసు వచ్చి, రాయపేటలో ఒక సందు మొదట్లో పెట్టుకున్నారు. రెండు మంచాలు వేస్తే ఇంక అడుగు పెట్టడానికి చోటుండదు, అంత గది. ఒక చెక్క ప్రెస్సు, చేత్తో తిప్పే కటింగు మెషీను, మేకుకు వేలాడే దారపు కండెలు, కిరసనాయిలు స్టవ్ మీద జిగురు గిన్నె. మైదా పిండి ఉడికించి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవారు. జిగురుకు లేత నీలం రంగు వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా పాత బైండు పుస్తకం కనిపిస్తే అట్ట తెరిచి, మూల దగ్గర ఆ నీలం ఉందేమోనని చూస్తాను.

షాపుకు స్కూలు పుస్తకాలు వచ్చేవి, లెక్కల పుస్తకాలు వచ్చేవి. కానీ ఎక్కువగా వచ్చినవి సీరియళ్ళు. పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. వారపత్రిక రాగానే ఇంట్లో ముందెవరు చదవాలని పోట్లాట. అందరి చదువూ అయ్యాక ఆ నాలుగు కాగితాలూ జాగ్రత్తగా చింపి, పరుపు కింద దాచి, నలభై వారాలో యాభై వారాలో అయ్యాక కట్టగట్టి బైండరు దగ్గరికి తెచ్చేవారు. ఆంధ్రపత్రిక, 1924లో మొదలైన భారతి, 1938లో మొదలైన ఆంధ్రప్రభ, 1947 నాటి చందమామ, అన్నీ ఈ ఊరి అచ్చు యంత్రాల మీద నడిచినవే. తెలుగువాళ్ళు ఎక్కడున్నా, వాళ్ళు చదివేది చాలాకాలం ఇక్కడే అచ్చయింది.

విడి కాగితాలు కుట్టడం కష్టం. పుస్తకం ఫారాలైతే, అంటే అచ్చయిన పెద్ద కాగితాన్ని మడిచినవైతే, మడత మధ్యలోంచి దారం పోతుంది. చింపిన కాగితాలకు మడత ఉండదు కదా, అంచు పక్కనే దబ్బనంతో బెజ్జాలు పొడిచి కుట్టాలి. అంచు తక్కువైతే అక్షరాలు కుట్టులోకి పోతాయి. వారాలు వరసగా ఉన్నాయా లేదా చూసే పని నాది, మా అక్కది. అట్లా నేను ఎన్ని నవలల్ని ముక్కలు ముక్కలుగా చదివానో! ఒక వారం లేకపోతే అక్కడ తెల్ల కాగితాలు పెట్టి కుట్టేవాళ్ళం. కొందరు పక్కింటివాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకుని, ఆ తెల్ల కాగితాల మీద చేత్తో ఎక్కించుకునేవారు. అచ్చు అక్షరాల మధ్య హఠాత్తుగా నీలం సిరా దస్తూరీ. ఆ రెండు పేజీలే నాకు పుస్తకం మొత్తంలో బాగా నచ్చేవి. ఎవరో కూర్చుని, ఒక్క వారం కథ పోగొట్టుకోలేక, వేళ్ళు నొప్పిపుట్టేలా రాసుకున్నారు కదా అని.

ఒకసారి మైలాపూరు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. కట్టంతా ఇచ్చి, చివరి నాలుగు కాగితాలు విడిగా తీసి, "చివరి వారం కుట్టొద్దు నాయనా" అన్నారు.

"ముగింపు లేకపోతే ఎట్టమ్మా?" అన్నారు నాన్న.

"ఆ పిల్లని వాడికిచ్చి చెయ్యడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. నా ఇంట్లో ఆ పెళ్ళి జరగడానికి వీల్లేదు."

ఆవిడ హాస్యమాడలేదు. గొంతు వణికింది. నాన్న మారు మాట్లాడకుండా చివరి వారం లేకుండానే కుట్టారు. ఆ కాగితాలను మాత్రం పారెయ్యలేదు. వెనక అట్ట లోపల కాలికో గుడ్డతో ఒక జేబు కుట్టి, వాటిని మడిచి అందులో పెట్టారు. ఆవిడ వచ్చి పుస్తకం తిరగేసి, జేబు చూసి, ఏమీ అనకుండా డబ్బులిచ్చి వెళ్ళిపోయారు. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ కోడలు ఇంకేదో కట్ట తెచ్చినప్పుడు నాన్న ఆ పుస్తకం సంగతి అడిగారు. "కాగితాలు ఆ జేబులోనే ఉన్నాయండీ. మడతల దగ్గర మాత్రం చిరిగేంతగా నలిగిపోయాయి" అంది ఆ అమ్మాయి.

ఇష్టం లేని ముగింపును అన్నిసార్లు తీసి చదువుకున్న మనిషి గురించి నేను చాలాకాలం ఆలోచించాను. నవల మనకిచ్చే ఆనందం ఏమిటన్నది నాకు అక్కడ దొరికింది.

ఇష్టం అనేది ఒక్కసారి కలిగి ఊరుకునేది కాదండీ. రోజూ కలగాలి. పొద్దున్నే డబరాలో కాఫీ తిరగబోసుకునేటప్పుడు నురగ ఎంత ఉండాలి, బస్సులో కిటికీ పక్క సీటు కావాలా వద్దా, బీరకాయ పొట్టు పచ్చడి చేస్తే ఎవరు రెండోసారి వడ్డించుకుంటారు, ఎవరు కంచం చివరికి తోసేస్తారు. ఇవి రోజూ జరిగితేనే ఇష్టాయిష్టాలవుతాయి. ఒక మనిషితో ఇంట్లో కొన్నాళ్ళు ఉంటే తప్ప తెలియవు. పెళ్ళిచూపుల్లో తెలియవు, ఆఫీసులో సగమే తెలుస్తాయి.

కథకు అంత వ్యవధి ఉండదు. కథలో ఒకాయనకి కాఫీ అంటే ప్రాణం అని రాస్తే అది సమాచారం. నవలలో ఆయన పదో పేజీలో కాఫీ తాగుతాడు, ఎనభయ్యో పేజీలో చల్లారిపోయిందని కోడలి మీద విసుక్కుంటాడు, నూట యాభయ్యో పేజీలో ఊరెళ్ళి, అక్కడి కాఫీ నచ్చక మొహం చిట్లిస్తాడు. రెండువందల నలభయ్యో పేజీలో గ్లాసు ముట్టుకోకుండా లేచిపోతాడు. రచయిత ఇంక ఒక్క ముక్క చెప్పక్కర్లేదు. మన కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టవుతుంది. ఎందుకంటే ఇన్ని రోజులూ మనం ఆ ఇంట్లోనే ఉన్నాం. సీరియల్‌గా చదివినవాళ్ళైతే సంవత్సరం పాటు ఉన్నారు. మైలాపూరు పెద్దావిడ ఆ పెళ్ళిని ఒప్పుకోలేకపోవడం అందుకే. యాభై వారాలు ఆ పిల్లని పెంచింది ఆవిడ.

తెలుగు నవల పుట్టడమే ఇట్లా పుట్టింది. కందుకూరి వీరేశలింగం గారు రాజశేఖర చరిత్రను 1878లో తన వివేకవర్ధిని పత్రికలో వరసగా వేశారు. పుస్తకంగా వచ్చింది 1880లో. అందులో రాజశేఖరుడిని ముంచేది ఏ రాక్షసుడో కాదు, పొగడ్త అంటే ఆయనకున్న ఇష్టం. చుట్టూ చేరినవాళ్ళ మాటలు రోజూ చెవికి ఇంపుగా ఉండబట్టి ఆస్తి కరిగిపోయింది. మొట్టమొదట్లోనే మన నవల ఒక మనిషికి ఏది నచ్చుతుంది అన్న చిన్న ప్రశ్న పట్టుకుని బయల్దేరింది చూడండి. ఆ పంతులుగారు 1919లో కన్నుమూసింది ఈ మద్రాసులోనే.

ఇక ఎవరి ఇష్టం వారిది అనడానికి నాకు చాలా నచ్చే ఉదాహరణ ఒకటుంది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అదే ఆంధ్రా యూనివర్సిటీ, నవలల పోటీ పెట్టింది. బహుమతిని రెండు నవలలకు పంచారు. విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు ఒకటి, అడివి బాపిరాజు గారి నారాయణరావు ఇంకొకటి. ఒకే గదిలో ఇమడని రెండు మనస్తత్వాలు అవి. నాకు ఇరవై ఏళ్ళప్పుడు నారాయణరావు రెండు రాత్రుల్లో అయిపోయింది. వేయిపడగలు అరవై పేజీలు దాటలేదు. పక్కన పెట్టేశాను. నలభై అయిదేళ్ళప్పుడు, మా అత్తగారు మంచాన పడ్డ ఆర్నెల్లలో, ఆవిడ పక్కన కూర్చుని అదే వేయిపడగలు చివరిదాకా చదివాను. పుస్తకం మారలేదు. కాకరకాయ చిన్నప్పుడు చేదు, ఇప్పుడు అది లేనిదే నాకు ముద్ద దిగదు. అందుకే పిల్లల చేతిలో "ఇది గొప్ప నవల, చదివి తీరాలి" అని పెట్టడం నాకు నచ్చదు. నచ్చకపోతే మూసెయ్యనివ్వండి. మళ్ళీ తెరుస్తారు. తెరవకపోతే ఇంకో పుస్తకం తెరుస్తారు.

నా అయిష్టాలు కూడా చెబుతాను, దాచుకోవడం దేనికి. హీరోయిన్ చీర రంగు మూడు పేజీలు చెప్పి, ఆ చీర ఎవరు ఉతికారో చెప్పని నవల నాకు పడదు. ఇంటద్దె ఎంతో తెలియని కుటుంబం మీద నాకు నమ్మకం కుదరదు. ఎవరికీ ఆకలెయ్యదు, ఎవరికీ జలుబు చెయ్యదు, అందరూ ఆదర్శాలే మాట్లాడతారు, అలాంటివి చదువుతుంటే ఉపవాసం ఉన్నట్టుంటుంది. రైలు ప్రయాణంలో ఏం కట్టుకొని వెళ్ళారో, పులిహోరా పెరుగన్నమా, అది చెబితే చాలు, ఆ రచయిత వెంట ఎంత దూరమైనా వెళ్తాను.

ఈ మాట మీద మాలతీ చందూర్ గారిని తలుచుకోకుండా ఉండలేను. ఈ ఊళ్ళోనే ఉండి, ఈ ఊళ్ళోనే 2013లో వెళ్ళిపోయారు. ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షికను దశాబ్దాల పాటు నడిపారు. హృదయనేత్రి నవలకు 1992లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆవిడ రాసిన వంటల పుస్తకం ఎన్నో ముద్రణలు పొంది, పెళ్ళయి వెళ్ళే ఆడపిల్లల పెట్టెల్లోకి చేరింది. ప్రపంచంలోని పెద్ద పెద్ద నవలల కథల్ని తెలుగువాళ్ళ వంటింటి గడప దాకా తెచ్చి చెప్పిందీ ఆవిడే. ఉప్పు ఎంత వెయ్యాలో తెలిసిన చెయ్యి, నవల గురించి చెప్పడానికి తగిన చెయ్యి అని నా నమ్మకం.

నా చిన్నప్పుడు మా సందులో పెద్దవాళ్ళు "ఆడపిల్లలకి నవలలెందుకు, పాడైపోతారు" అనేవారు. ఇప్పుడు పిల్లలు వేరేగా అడుగుతున్నారు. "నవల చదివితే ఉపయోగం ఏంటి ఆంటీ?" మా అపార్ట్‌మెంటులో ఒకబ్బాయి మొన్ననే అడిగాడు. మంచి పిల్లవాడు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. వాడి సంచిలో ఉన్న పుస్తకాలన్నీ డబ్బు ఎలా దాచాలి, పొద్దున్నే ఎలా లేవాలి అని చెప్పేవి. నేను వాడికి గంటసేపు చెప్పలేదు. "మీ అమ్మమ్మకి ఏ కూర ఇష్టంరా?" అన్నాను. ఆలోచించాడు. చెప్పలేకపోయాడు. వాడి మొహం చూసి నాకు జాలేసింది, ఇంకేం అనలేదు. మర్నాడు వచ్చి "గోరుచిక్కుడట ఆంటీ, ఫోన్ చేసి అడిగాను" అన్నాడు. అప్పుడు ఒక నవల ఇచ్చాను. ఇంకా చదువుతున్నాడో లేదో అడగలేదు, అడగను.

నేను ఎక్కువగా చదివింది బస్సులో. 29సి ఎక్కి కూర్చుంటే పెరంబూరు నుంచి మైలాపూరు దాకా ముప్ఫై పేజీలు నిశ్చయం. దిగాల్సిన చోటు దాటి అడయారు దాకా వెళ్ళిన రోజులున్నాయి, వాటిని నేను పోయిన రోజులుగా లెక్కెయ్యను. కొత్తవి కొనడానికి డబ్బుల్లేని కాలంలో, పాత పుస్తకాలు దొరికే మూర్ మార్కెట్టు ఉండేది. 1985లో అది కాలిపోయినప్పుడు నాన్న రెండు రోజులు షాపు తియ్యలేదు. తను కుట్టిన పుస్తకాలు చేతులు మారి మారి అక్కడికే చేరేవి మరి. తర్వాత అవతల అల్లికుళం దగ్గర కొట్లు వచ్చాయి, తిరువల్లిక్కేణిలో భారతి సాలై ప్లాట్‌ఫారం మీద పాత పుస్తకాల గుట్టలు ఉండనే ఉన్నాయి. ఎగ్మూరులో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఉంది. దేశంలో అచ్చయ్యే పుస్తకాలను చట్టప్రకారం అందుకునే నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. తెలుగు నవలలకు అక్కడ చోటుంది, వెళ్ళి అడిగేవాళ్ళే తగ్గారు. దయచేసి వెళ్ళండి.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను.

నాన్న నలభై ఏళ్ళు నవలలు కుట్టారు గానీ, ఒక్కటి కూడా మొదటి నుంచి చివరిదాకా చదవలేదు. తీరిక ఉండేది కాదు. పుస్తకం తీసుకోవడానికి వచ్చినవాళ్ళని "తర్వాత ఏమైందండీ ఆ అమ్మాయికి?" అని అడిగి తెలుసుకునేవారు. చివరి రోజుల్లో కళ్ళు బాగా తగ్గిపోయాయి. నేను ఆఫీసు నుంచి వచ్చి, టిఫినయ్యాక, తను మూడుసార్లు బైండు చేసిన ఒక నవలనే రోజుకు ఇరవై పేజీల చొప్పున చదివి వినిపించాను. వింటూ పుస్తకం ఒకసారి ఇటివ్వమని, వెన్ను తడిమి, "కుట్టు బాగానే ఉంది" అని తిరిగిచ్చేవారు. అందులో ఒక ముసలాయన ఉంటాడు. ఎప్పుడూ వక్కపొడి డబ్బా తీసి ఒక చిటికెడు నోట్లో వేసుకుని గానీ మాట మొదలుపెట్టడు. ఒక రాత్రి నాన్న నన్ను ఆపారు.

"ఆయన ఇవాళ డబ్బా తియ్యలేదేం?"

నేను గమనించలేదు. వెనక్కి తిప్పి చూశాను. నిజమే, ఆ అధ్యాయంలో డబ్బా ఊసే లేదు. రెండు అధ్యాయాల తర్వాత ఆ ముసలాయన చనిపోతాడు. అది చదివిన రాత్రి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఇంక మిగిలింది ఒక్క అధ్యాయం, పదిహేను పేజీలు. గొంతు సవరించుకుని మొదలుపెట్టబోయాను.

"చివరి వారం ఇవాళ వద్దమ్మా" అన్నారు.

పేజీ గుర్తుకి ఒక దారప్పోగు పెట్టి, పుస్తకం ఆయన దిండు పక్కన పెట్టాను.

సెలవు.