బార్బడోస్‌కు ఇంటిల్లిపాదీ: ముందు ఏ ఒడ్డో తేల్చుకోండి

శ్రోతలకు నమస్కారం.

2024 జూన్ 29న, కరీబియన్ దీవి బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్ మైదానంలో దక్షిణాఫ్రికాను 7 పరుగుల తేడాతో ఓడించి భారత జట్టు టీ20 ప్రపంచ కప్ గెలిచింది. చివరి ఓవర్లో బౌండరీ గీత దగ్గర సూర్యకుమార్ యాదవ్ పట్టిన క్యాచ్ గురించి ఈనాటికీ మాట్లాడుకుంటున్నాం. ఆ తర్వాత జరిగిందే చాలామందికి గుర్తు లేదు. కప్పు చేతికొచ్చింది గానీ ఇంటికి బయలుదేరే దారి మూసుకుపోయింది. బెరిల్ అనే హరికేన్ ముంచుకొస్తోందని బార్బడోస్ విమానాశ్రయాన్ని మూసేశారు. మన హైదరాబాదీ సిరాజ్ సహా జట్టంతా అక్కడే చిక్కుకుపోయింది. చివరికి ప్రత్యేక విమానం వెళ్లి తీసుకొస్తే జులై 4 ఉదయానికి ఢిల్లీలో దిగారు.

ప్రపంచ కప్ ఆడేవాళ్లకు తేదీలు ఎంచుకునే వీలు లేదు. సెలవులకు వెళ్లే మనకు ఉంది. అయినా మనలో చాలామంది ఆ వీలును వాడుకోరు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వెళ్లినప్పుడు, అందరూ కలిసి కరీబియన్ దీవుల్లో ఏదో ఒకదానికి వెళ్లి వారం రోజులు గడపడం ఇప్పుడు మన కుటుంబాల్లో బాగానే కనిపిస్తోంది. ఆ ఏర్పాట్లు ఎలా మొదలవుతాయో చూడండి. ఫోను తీస్తారు, హోటల్ బొమ్మలు చూస్తారు, నీలి రంగు ఈత కొలను నచ్చుతుంది, డబ్బు కట్టేస్తారు. ఆ హోటల్ ఎదురుగా ఉన్న సముద్రం ఎలాంటిదో అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. నా ఉద్దేశంలో ఈ వరస తలకిందులు. ముందు ఒడ్డు, తర్వాత నెల, ఆ తర్వాతే గది. బార్బడోస్‌నే తీసుకుని ఎందుకో చెబుతాను.

బార్బడోస్ చిన్న దీవి. పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23 కిలోమీటర్లు. మన హైదరాబాద్ నగరమే దానికంటే పెద్దది. అంత చిన్న దీవికి రెండు వైపులా రెండు వేర్వేరు సముద్రాలున్నాయని అనుకోవచ్చు. తూర్పున అట్లాంటిక్. అటు ఆఫ్రికా దాకా అడ్డుగా పిడికెడు నేల లేదు. ఆ దూరమంతా గాలి తరుముకొచ్చిన అలలు బత్‌షీబా అనే ఊరి దగ్గర రాళ్ల మీద విరిగిపడతాయి. అలల మీద పలకలతో స్వారీ చేసేవాళ్లకు అది ప్రపంచ ప్రసిద్ధమైన చోటు. ఈత రాని మన మేనకోడలికి అది మోకాలి లోతు కూడా దిగకూడని చోటు. అడుగున నీరు వెనక్కి లాగే తీరు పైకి కనిపించదు. విశాఖలో రుషికొండ, ఆర్కే బీచ్ ఎరిగినవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు.

అక్కడి నుంచి కారులో గంట కూడా పట్టదు, పడమటి తీరానికి చేరుకోవచ్చు. నీరు అక్కడ దాదాపు కదలనట్టే ఉంటుంది. కారణం సులువే. గాలి ఎప్పుడూ తూర్పు నుంచే వీస్తుంది కాబట్టి దీవి తానే అడ్డం నిలబడి పడమటి నీటిని కాపాడుతుంది. హోల్‌టౌన్, ముల్లిన్స్ లాంటి తీరాలు ఆ వైపువే. అయితే గదుల అద్దె కూడా ఆ వైపే ఎక్కువ. దక్షిణ తీరం ఈ రెంటికీ మధ్యస్థం. అలలు ఉంటాయి, ఆటలాడుకోవచ్చు, తిండి చవక, బస్సులు ఎక్కువ. పదేళ్లు దాటిన పిల్లలకు దక్షిణమే సరదా. అయిదేళ్లలోపు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఉంటే మాత్రం పడమర, లేదా బ్రిడ్జ్‌టౌన్ పక్కనే ఉన్న కార్లైల్ బే.

నన్నడిగితే కార్లైల్ బేకే ఓటు వేస్తాను. నెలవంకలా వంగిన తీరం, నిదానమైన నీరు, ఊరి సందడి నడిచి వెళ్లే దూరంలో. నీటి అడుగున మునిగిన ఓడలు కొన్ని ఉన్నాయి. వాటిలో బెర్విన్ అనేది 1919లో మునిగింది. అవి ఎంత తక్కువ లోతులో ఉన్నాయంటే, గొట్టంతో గాలి పీలుస్తూ ముఖం నీళ్లలో పెట్టి తేలితే చాలు, ఓడ చుట్టూ తిరిగే చేపలు కనిపిస్తాయి. ఆకుపచ్చ తాబేళ్లు కూడా వస్తుంటాయి. పడవల వాళ్లు చేప ముక్కలు విసిరి తాబేళ్లను రప్పించి చూపిస్తారు. అది నాకు నచ్చదు. ఎదిగిన ఆకుపచ్చ తాబేలు ప్రధానంగా సముద్రపు గడ్డి, నాచు తిని బతికే ప్రాణి. దానికి చేప ముక్కలు అలవాటు చేయడం మన ఫొటో కోసమే గానీ దాని మేలుకోసం కాదు. మేత వేయని పడవ ఏదని అడిగి ఎక్కండి.

అదే బేలో పెబుల్స్ బీచ్ అని ఒక భాగం ఉంది. అక్కడికి పొద్దు పొడిచే వేళకు వెళ్లాలి. దగ్గరలోని గ్యారిసన్ పందేల మైదానం నుంచి గుర్రాలను స్నానానికి తీసుకొస్తారు. ముందు డెక్కలు తడుపుకుంటూ బెదురుతాయి. మెడ లోతుకు వెళ్లాక ముక్కుపుటాలు విచ్చుకుని బుసబుసమంటూ ఈదుతాయి. మనిషి పగ్గం వదలకుండా పక్కనే ఉంటాడు. బయటికొచ్చి ఒళ్లు విదిలిస్తే చుట్టూ ఉన్నవాళ్లంతా తడుస్తారు. దీనికి టికెట్టు లేదు. కాలమానం తేడా వల్ల మన పెద్దలకు ఎలాగూ తెల్లవారుజామునే మెలకువ వస్తుంది, పిల్లలను లేపే పని వాళ్లకు అప్పగించండి.

బార్బడోస్‌లో సముద్ర తీరాలన్నీ ప్రజలవే. ఎంత ఖరీదైన హోటల్ ముందున్న ఇసుకైనా అందరూ కూర్చోవచ్చు. కాబట్టి ఒడ్డుకు ఆనుకున్న గదికి ఎక్కువ డబ్బు పోయనక్కర్లేదు. ఐదు నిమిషాలు నడిచే దూరంలో వంటగది ఉన్న ఇల్లు దొరికితే మన కుటుంబాలకు అదే హాయి.

ఇక నెల సంగతి. హరికేన్ల కాలం లెక్కప్రకారం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఉద్ధృతి ఎక్కువ. బార్బడోస్ మిగతా దీవుల వరసకు కాస్త తూర్పుగా విడిగా ఉండటంతో చాలా తుపానులు దాన్ని తప్పించుకుని ఉత్తరంగా పోతాయి. 1955లో జానెట్ కొట్టిన తర్వాత మళ్లీ 2021 జులైలో ఎల్సా వచ్చేవరకు, అరవై ఏళ్లకు పైగా ఆ దీవి హరికేన్ దెబ్బ ఎరగదు. అందుకని ధీమా పనికిరాదు. బెరిల్ కేంద్రం దీవికి దక్షిణంగా వెళ్లిపోయినా, దాని అలల తాకిడికే బ్రిడ్జ్‌టౌన్ రేవులోని చేపల పడవలు పెద్ద సంఖ్యలో నుజ్జయ్యాయి.

ప్రకటనల్లో కనిపించని మరో చిక్కు ఉంది. సర్గాసం అనే గోధుమ రంగు నాచు. 2011 నుంచి అట్లాంటిక్ మీద ఇది గుట్టలు గుట్టలుగా తేలుతూ కరీబియన్ తీరాలకు కొట్టుకొస్తోంది. ఒడ్డున కుళ్లితే చెడిపోయిన కోడిగుడ్డు వాసన. వసంతం నుంచి వేసవి దాకా దీని బెడద ఎక్కువ, అదీ తూర్పు, దక్షిణ తీరాలకే. పడమటి ఒడ్డు చాలావరకు బయటపడుతుంది. ఏ ఒడ్డో ముందే తేల్చుకోవాలని ఇంతగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

డిసెంబర్ నడిమి నుంచి ఏప్రిల్ నడిమి వరకు వాతావరణం బాగుంటుంది, ధరలు మండిపోతుంటాయి. ఆగస్టు మొదటి సోమవారం క్రాప్ ఓవర్ పండుగ ముగింపు. చెరకు కోతల నుంచి పుట్టిన ఆ పండుగ చూడాలనుకుంటే వేరే మాట, ప్రశాంతత కావాలంటే ఆ వారం వద్దు. అమెరికాలో ఉన్నవాళ్లకు నవంబర్ చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ సెలవుల వారం అనువైనది. తుపానుల జోరు తగ్గి ఉంటుంది, నాచు తక్కువ, క్రిస్మస్ ధరలు ఇంకా మొదలవవు. పైగా నవంబర్ 30 బార్బడోస్ స్వాతంత్ర్య దినం. 1966లో ఆ రోజునే స్వేచ్ఛ పొందిన దేశం, 2021లో అదే తేదీన బ్రిటన్ రాణిని దేశాధినేత స్థానం నుంచి తప్పించి గణతంత్రమైంది. జెండా రంగులైన నీలం, బంగారు దీపాలతో బ్రిడ్జ్‌టౌన్ వెలిగిపోతుంటుంది.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను గానీ తేలిగ్గా తీసుకోకండి. భారతీయ పాస్‌పోర్టు ఉన్న పర్యాటకులకు బార్బడోస్ వీసా అడగదు. చిక్కంతా దారిలోనే. మన దేశం నుంచి నేరు విమానం లేదు. అమెరికా మీదుగా వెళితే, విమానం మారడానికి కూడా ఆ దేశపు వీసా ఉండాలి. లండన్ మీదుగా అయితే బ్రిటన్ నిబంధనలు వేరుగా చూసుకోవాలి. అమెరికాలో హెచ్1బీ మీద పనిచేస్తూ, పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరిపోయినవారు మరీ జాగ్రత్తగా వినండి. కెనడా, మెక్సికోలకు కొద్ది రోజులు వెళ్లి రావడానికి ఉన్న వెసులుబాటు మీకు ఈ దీవులకు వర్తించదు. వెళ్లడం సులువే, తిరిగి రావడమే కుదరదు. అలాంటివారికి ప్యూర్టోరికో, లేదా అమెరికా ఆధీనంలోని వర్జిన్ దీవులు మేలు. అవి అమెరికా గడ్డ కిందికే వస్తాయి. టికెట్టు కొనేముందు తాజా నిబంధనలు ఒకసారి సరిచూసుకోండి.

సామాను సర్దేటప్పుడు పిల్లల బట్టలు ఓసారి చూడండి. సైనికుల దుస్తుల మీద ఉండే మచ్చల నమూనా బట్టలు బార్బడోస్‌లో మామూలు జనం వేసుకోకూడదు. చట్టం ఒప్పదు, చిన్నపిల్లలకూ మినహాయింపు లేదు. మనవడి నిక్కరు, నాన్నగారి టోపీ అలాంటివైతే ఇంట్లోనే వదిలేయండి.

తీరంలో పిల్లలకు మొదట చూపించాల్సింది సముద్రాన్ని కాదు, ఒక చెట్టును. మాంచినీల్ అంటారు. ఒడ్డునే పెరుగుతుంది, చక్కటి నీడ, చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు రాలి ఉంటాయి. చెట్టంతా విషం. కాయ కొరికితే నోరు, గొంతు కాలిపోతాయి. వాన పడుతుంటే దాని కింద నిలబడ్డా, ఆకుల మీదుగా జారిన నీటితో ఒంటి మీద బొబ్బలు లేస్తాయి. చాలా చోట్ల మానుకు ఎర్ర పట్టీ గీసి ఉంచుతారు. అన్నింటికీ ఉండదు. రాలిన కాయ ఏదైనా సరే ముట్టుకోకూడదని పిల్లలతో ముందే మాట తీసుకోండి.

ఎండ మనకు కొత్త కాదనుకుంటాం. నిజమే, బ్రిడ్జ్‌టౌన్ ఉన్న అక్షాంశం దాదాపు చెన్నైదే. అయితే అక్కడ గాలి ఆగకుండా వీస్తుంది కాబట్టి చర్మం కాలుతున్నట్టు తెలియదు. రాత్రికి తెలుస్తుంది. ఉదయం పది లోపు, సాయంత్రం మూడున్నర తర్వాత నీళ్లలోకి దిగితే చాలు. ఐదున్నర, ఆరున్నర మధ్య చీకటి పడిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

తిండి దగ్గర శాకాహారులకు కొంచెం కష్టమే. దేశీయ వంటకం పేరు కూకూ, దానితో ఎగిరే చేప పులుసు. చేప వదిలేసి కూకూ ఒక్కటే చూస్తే మనకు బాగా తెలిసినట్టే ఉంటుంది. బెండకాయలు ఉడికించిన నీళ్లలో మొక్కజొన్న పిండి పోసి, చెక్క తెడ్డుతో ఉండలు కట్టకుండా కలియబెడతారు. రాయలసీమలో సంకటి కెలికే చేతులకు ఆ పని చూపించనక్కర్లేదు. ట్రినిడాడ్, గయానాలలాగా ఇక్కడికి మన దేశం నుంచి ఒప్పంద కూలీలను తీసుకురాలేదు. అయినా ట్రినిడాడ్ వంటగా వచ్చిన రోటీ అంగళ్లలో శనగలు, గుమ్మడికాయ కూర చుట్టి ఇస్తారు. సూరత్ పరిసరాల నుంచి వచ్చి ఇల్లిల్లూ తిరిగి బట్టలమ్మిన గుజరాతీ కుటుంబాలు బ్రిడ్జ్‌టౌన్‌లో స్థిరపడ్డాయి. పప్పులకూ మసాలాలకూ ఇబ్బంది ఉండదు. శుక్రవారం రాత్రి ఆయిస్టిన్స్‌లో చేపలు కాల్చి వడ్డించే సంత తప్పక చూడాల్సిందే, మాంసాహారులకు. కుళాయి నీరు సాధారణంగా తాగవచ్చు. సున్నపురాయి పొరల్లో వడకట్టుకుని వచ్చే నీరది.

తిరగడానికి రోజూ కారు అవసరం లేదు. ప్రభుత్వ బస్సులు నీలం, పసుపు చార ఉంటుంది. ప్రైవేటువి పసుపు, నీలం చార. తెల్లటి వ్యాన్లు మరో రకం, వాటిలో సంగీతం చెవులు చిల్లులు పడేట్టు ఉంటుంది, పిల్లలకు అదే నచ్చుతుంది. స్టాపుల దగ్గర ఊరి పేర్లకు బదులు, బ్రిడ్జ్‌టౌన్ వైపా, బ్రిడ్జ్‌టౌన్ నుంచి బయటికా అన్నంతవరకే రాసి ఉంటుంది. టాక్సీలకు మీటరు లేదు, ఎక్కకముందే ధర మాట్లాడుకోవాలి. హారిసన్స్ కేవ్ అనే సున్నపురాయి గుహకు, తూర్పు తీరానికి కలిపి ఒక్క రోజు కారు తీసుకుంటే సరిపోతుంది. మనలాగే ఎడమవైపు నడపడం, కాబట్టి అమెరికాలో అలవాటుపడిన కొడుకు కంటే ఊళ్లో నడిపే నాన్నగారికే అక్కడ సులువు.

రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరుకు సమానం, 1975 నుంచి ఇదే లెక్క. అమెరికా నోట్లు దుకాణాల్లో తీసుకుంటారు, చిల్లర మాత్రం స్థానిక నోట్లలో ఇస్తారు. ఆ నోట్లు దీవి దాటితే మార్చుకోవడం కష్టం కాబట్టి చివరి రోజు వాటితో అక్కడి పసుపు పచ్చ కారం సీసాలు కొనేయండి. ఘాటైన మిరపకాయలకు ఆవపిండి కలిపి చేస్తారు, పెరుగన్నంలోకి అద్భుతం. సీసాలను చేతి సంచిలో పెట్టుకుంటే విమానాశ్రయంలో తీసేస్తారు, పెద్ద పెట్టెలో బట్టల మధ్య సర్దుకోండి.

సెలవు. నమస్కారం.